ఎంత లోతు తవ్వాలమ్మా?

ఇళ్ళు చూపించిన వాళ్ళంతా ఈశ్వరమ్మకు పైకి చూపించారు: ఫ్యాన్లు, లైట్లు, సీలింగు. ఆమె మాత్రం ప్రతి ఇంట్లోనూ ముందు నేలనే చూసింది. గుంట మగ్గం వేయాలంటే నేల తవ్వాలి మరి! ఆ గుంటలోకి కాళ్ళు దించి తొక్కుడు చెక్కల మీద పాదం ఆనిస్తేనే ఆమెకు తెల్లవారినట్టు.

చీరాలలో వాళ్ళు అద్దెకుండే ఇంటిని పడగొట్టి అపార్ట్‌మెంటు కడుతున్నారు. అదే సమయంలో కూతురు సాయి సుధకు వడ్లమూడి యూనివర్సిటీ ల్యాబులో ఉద్యోగం వచ్చింది. "తెనాలా, బాపట్లా, రేపల్లా? ఊరు నువ్వే ఎంచుకోమ్మా, రైల్లో నేను తిరుగుతాను" అంది కూతురు.

"ఇంకా మగ్గమేంటి పిన్నీ, హాయిగా కూర్చోక!" అన్నారు ఇరుగుపొరుగు.

"అన్నం మానేయమను, ఆలోచిస్తా. మగ్గం మాత్రం మానను."

మొదట తెనాలి. ఇంటాయన నాగమల్లేశ్వరరావు గారు గేటు దగ్గరే ఊరి గొప్ప ఎత్తుకున్నారు. "ఆంధ్రా ప్యారిస్ అమ్మా మాది! మా ఊళ్ళో రిక్షా తొక్కేవాడు కూడా పద్యం పాడతాడు." నేల టైల్సుతో అద్దంలా మెరుస్తోంది. ఆయన గొంతు తగ్గించి, "ఇంతకీ మీరేంట్లు?" అన్నారు.

కులం అడగడానికి మనవాళ్ళు కనిపెట్టిన మర్యాద అది. ఆ మర్యాద మూడు ఊళ్ళలోనూ ఉంది, ఒక్క తెనాలిని అనడానికేం లేదు.

"నేతోళ్ళమండీ. నన్నడిగారు సరే, మీ ఒంటి మీద పంచెని ఎప్పుడన్నా అడిగారా, ఎవరు నేశారని?"

ఆయన పంచె సర్దుకున్నారు. గుంట సంగతి చెప్పగానే, "ఇది ఇల్లమ్మా, పొలం కాదు!" అని గేటు దాకా సాగనంపారు.

బాపట్లలో ఇంటావిడ దేవిక గారు మంచి మనిషి. జిల్లా కేంద్రమైంది, కాలేజీలున్నాయి, సాయంత్రమైతే సముద్రం గాలి అని చెబుతూ కాఫీ ఇచ్చింది. చేనేత చీరలంటే ప్రాణమట, కట్టుకున్నదీ అదే. గుంటకు కూడా ఒప్పుకుంది, కానీ దొడ్లో రేకుల షెడ్డులో.

"ముందు గదిలో మగ్గమేంటి పిన్నిగారూ? వచ్చేపోయేవాళ్ళు ఏమనుకుంటారు?"

ఈశ్వరమ్మ వాళ్ళింట్లో మగ్గం తర్వాతే మంచం. చుట్టాలెవరొచ్చినా దాని పక్కనే కూర్చుని కబుర్లాడతారు. చీర ముందు గదికి, నేసే మనిషి దొడ్లోకి! ఆమె కాఫీ పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టి లేచింది.

"ఇంత మంచి ఇల్లు, అంత మంచావిడ!" అని రైల్లో సుధ చిరాకుపడింది. "ఇక మిగిలింది రేపల్లె. అక్కడ పట్టాలే అయిపోతాయి."

ఆ మాటే రేపల్లెలో ఇంటి యజమాని లాజరు ముందు మళ్ళీ అనేసింది. తాపీ మేస్త్రీ ఆయన. పడీ పడీ నవ్వాడు.

"అయిపోవటమేంటి పాపా? రైలుకి మా ఊరు నచ్చి ఆగిపోయింది."

పాత ఇల్లు, సిమెంటు నేల. "దోమలు మాత్రం అద్దె కట్టకుండా ఉంటాయి చెల్లెమ్మా, ముందే చెబుతున్నా" అన్నాడు. మగ్గం మాట వినగానే గోడకి ఆనించిన గునపం అందుకున్నాడు.

"ఎంత లోతు తవ్వాలమ్మా?"

ఎవరూ అడగని ప్రశ్న. ఈశ్వరమ్మ చెయ్యి మోకాలి పైన పెట్టి చూపించింది.

"అంత లోతంటే కాలవలకి నీళ్ళొదిలినప్పుడు ఊట వస్తది. సగం తవ్వి, సగం చుట్టూ అరుగులా లేపుదాం."

"ముందు గదిలోనేనా అన్నయ్యా?"

"మగ్గానికి వెలుతురొద్దా? వెనకేస్తే ఏం కనపడుద్ది నీకు?"

"మరి మేమేంట్లో అడగలేదేంటి?"

లాజరు గునపం దించాడు. "నన్ను చాలామంది అడిగారమ్మా. అందుకని నేనెవర్నీ అడగను."

అరుగు మీద మగ్గం లేచింది. చీరాలలో మగ్గం నేలమట్టాన ఉండేది, రోడ్డున పోయేవాళ్ళకు ఆమె తల మాత్రమే కనిపించేది. ఇక్కడ తలుపు తీస్తే మగ్గమూ మనిషీ నిండుగా కనిపిస్తున్నారు. కాలవలకు నీళ్ళొచ్చాక లాజరు వచ్చి గుంటలో చెయ్యి పెట్టి చూశాడు. పొడిగానే ఉంది.

ఒక సాయంత్రం సుధ బ్యాగు దించుతూ, "మా ల్యాబులో ఇందు అడిగిందమ్మా, రేపల్లె నుంచి ఎందుకు తిరుగుతున్నావు, తెనాలిలో, బాపట్లలో ఇళ్ళు దొరకలేదా అని" అంది.

పోగుల మధ్య అటూ ఇటూ పరుగెడుతున్న నాడె ఆగింది. "ఏం చెప్పావు?"

"దొరికాయి, మా అమ్మకే నచ్చలేదని."

"బాగా చెప్పావు" అంది ఈశ్వరమ్మ. నాడె మళ్ళీ కదిలింది.