సువార్తమ్మ పేటలో మంచినీళ్లు

1978 వేసవిలో నేను దివిసీమలో బోర్లు వేసే పనిలో ఉన్నాను. మాది గుడివాడ. ఉప్పెన వచ్చి వెళ్లాక చెరువులూ బావులూ ఉప్పెక్కిపోతే, సహాయం చేయడానికి వచ్చిన ఒక బృందం ఊరూరా చేతిపంపులు పెట్టిస్తోంది. వాళ్ల దగ్గర నేను మెకానిక్‌ని.

ఆ నేలలో బోరు వెయ్యడం గమ్మత్తైన పని. ఇసుకలో పైపైన వాననీరు పల్చటి పొరలా నిలిచి ఉంటుంది. దాని కిందంతా ఉప్పునీరే. ఫిల్టర్, అంటే నీళ్లు లోపలికి రావడానికి సన్నటి చీలికలున్న పైపు, ఆ పై పొరలోనే ఆగాలి. తొందరపడి ఇంకాస్త దింపితే బోరు పాడైనట్టే.

అవనిగడ్డకి దిగువన ఒక ఊళ్లో పంపు పనిచెయ్యడం లేదంటే వెళ్లాను. అది క్రైస్తవుల పేటకి ఇచ్చిన పంపు. తీరా చూస్తే ప్రెసిడెంటు గారి దొడ్లో బిగించి ఉంది. పాలేరు ఆ నీళ్లతో గేదెల్ని కడుగుతున్నాడట, వాషర్లు అరిగిపోయాయి. గేటు బయట పేట ఆడవాళ్లు బిందెలు పట్టుకుని ఎండలో నిలబడి ఉన్నారు.

వాషర్లు మార్చి, "ముందు వాళ్లని రానివ్వు" అన్నాను పాలేరుతో.

"గేదెల పని అవ్వాలండి. ఆ తర్వాత నేనే కొట్టి పోస్తాను. వాళ్లు పంపు ముట్టుకోకూడదు."

నా ఒళ్లు మండిపోయింది. చేతిలో స్పానర్ నేలకేసి కొట్టాను. ఆ చప్పుడికి ప్రెసిడెంటు గారు వరండాలోకి వచ్చి, "బాగుచేశావుగా, ఇక బయల్దేరు" అన్నారు.

బిందెల వరసలో సువార్తమ్మ ఉంది. ఉప్పెనలో భర్త, ఇద్దరు కొడుకులు, కోడళ్లు పోయారు. మిగిలింది ఒక్క మనవరాలు. ఆ పిల్ల గుంటలో నీళ్లు తాగి విరేచనాలతో నీరసించిపోయింది. నేను కోపంగా బయటికి వస్తుంటే, "అబ్బాయ్, మా పేటకి రా" అంది.

వెళ్లాను. పాకలో పాస్టరు గారు అందరినీ కూర్చోబెట్టి ప్రార్థన చేయించి, ఓర్పు గురించి చెప్పడం మొదలుపెట్టారు. శ్రమల్లో ఓర్చుకున్నవాళ్లకి దేవుడు ప్రతిఫలం ఇస్తాడనీ, గొడవలు వద్దనీ అన్నారు. మాదీ క్రైస్తవ కుటుంబమే, ఇంట్లో చిన్నప్పటినుంచీ విన్న మాటలే. ఆ రోజు మాత్రం చెవుల్లో సీసం పోసినట్టనిపించింది.

సువార్తమ్మ లేచింది. "అయ్యగారూ, ఉప్పెన ఎందుకొచ్చిందో నాకు తెలియదు. నా బిడ్డల్ని తలుచుకుంటూ ఓర్చుకుంటున్నాను. దేవుణ్ని ఒక్క మాటనలేదు. ఆ గేటు పెట్టింది దేవుడు కాదు కదండీ! దానికెందుకు ఓర్చుకోవాలి?"

పాస్టరు గారు బైబిలు మూసి పక్కన పెట్టారు.

పేటలో ఉప్పు పడుతుందని చెప్పి ప్రెసిడెంటు గారు పంపుని తన దొడ్లోకి మళ్లించుకున్నారట. ఒక్కరూ తవ్వి చూడలేదు. వేరే ఊళ్లో ఉప్పు పడిందని పీకేసిన పంపు నా బండిలో ఉంది. మర్నాడు పైపులు దించాను. మగవాళ్లు కొద్దిమందే మిగిలారు కాబట్టి ఆడవాళ్లే పైపుకి పెద్ద రెంచి పట్టి తిప్పారు. మొదటి బోరు ఉప్పు. రెండోదీ ఉప్పే. నాకు ఏడుపొచ్చింది, బూతులు కూడా వచ్చాయి.

"తిట్టుకో, పరవాలేదు. నాకూ కోపంగానే ఉంది" అంది సువార్తమ్మ, చేతులకి అంటిన బురద చీరకి తుడుచుకుంటూ. "తిట్టుకున్నాక ఇంకోచోట వెయ్యి."

కూలిపోయిన చర్చి గోడ పక్కన ఇసుక మెరక ఉంది. ఉప్పెన నీళ్లు అక్కడినుంచి తొందరగా జారిపోయాయని పాస్టరు గారే చెప్పారు. ఈసారి ఆయన కూడా పైకండువా తీసి రెంచి పట్టారు. పైపు జానెడు జానెడు దింపుతూ, నీళ్లు నోట్లో వేసుకుని చూస్తూ, ఇసుకలో తియ్యటి నీళ్లు తగలగానే ఆపేసి పంపు బిగించాను.

సువార్తమ్మ దోసిలి పట్టింది. తను తాగలేదు. ముందు ఆ నీళ్లు కాచి, చల్లార్చి మనవరాలికి పట్టించింది. కొన్నాళ్లకి ఆ పిల్ల కోలుకుంది.

సంగతి తెలిసి మా సూపర్‌వైజర్ జీపులో వచ్చాడు. "ఎవర్ని అడిగి వేశావ్ ఇక్కడ?"

నేను నోరు తెరిచేలోపే సువార్తమ్మ అంది: "మమ్మల్ని అడిగి వేశాడండి. ఇన్నాళ్లూ మీరు అడగలేదు."

నన్ను పనిలోంచి తీసేశారు. పంపు పీకడానికి మనుషుల్ని పంపితే పేట అంతా దాని చుట్టూ కూర్చుంది. చేసేదేం లేక వాళ్లు వెనక్కి వెళ్లిపోయారు.

ఓర్పు అంటే నోరు మూసుకోవడమని నేను అంతవరకూ నమ్మాను. రెండు బోర్లు ఉప్పు పడ్డా మూడోచోట రెంచి పట్టుకున్న ఆ ఆడవాళ్లని చూశాక ఆ నమ్మకం పోయింది. కోపం మాత్రం ఇప్పటికీ పోలేదు, పోవాలని ప్రార్థన కూడా చెయ్యను. ఎవరైనా కష్టంలో ఉన్నవాళ్లకి ఓర్చుకోమని చెబుతుంటే, ముందు ఆ చెప్పేవాళ్ల ఇంటికి మంచినీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో చూస్తాను.