భద్రమ్మ ఇంటి ఈగలు

పినపాకలో జహీదా ఇంట్లో ఈగ వాలిందంటే దానికి ఆయువు మూడినట్టే. గిన్నె మీద మూత, మూత మీద గుడ్డ, చేతిలో బ్యాటు. అవి పక్కింటి భద్రమ్మ బర్రెల కొట్టం నుంచే వస్తాయని రోజూ గోడ మీదుగా రుసరుసలు. జహీదా మనిషి మాత్రం బంగారం. కోపం ముక్కు మీదుంటుంది, అంతే.

భర్త అహ్మద్ పాషా దర్జీ. నిరుడు షుగర్ పెరిగి దవాఖానాలో పడ్డాడు, రంజాన్ ఉపవాసాలు, రోజాలన్నీ పోయాయి. ఈసారి డాక్టరు ఒప్పుకున్నాడు. మొదటి రోజా అందరితో పాటు షర్బత్ తాగి విడవాలని ఆయన ఆశ. పొద్దుట్నుంచీ చిన్నపిల్లాడిలా అదే మాట.

జహీదా ఒకే రకం స్టీలు జగ్గులు రెండింటిలో నిమ్మ షర్బత్ కలిపింది. ఒకదాంట్లో చక్కెర. ఇంకోదాంట్లో షుగర్ ఉన్నవాళ్లు వేసుకునే తీపి పొడి, డబ్బాలో మిగిలిందంతా. సాయంత్రం అసర్ నమాజు చేసుకొచ్చి చూస్తే ఏది ఏదో గుర్తు లేదు. రోజాలో ఉండి నోట్లో చుక్క వేసుకోదు కదా! భద్రమ్మను పిలిచింది.

భద్రమ్మ రెండూ చప్పరించి, "రెండూ తియ్యగనే ఉన్నయక్కా" అంది.

డిగ్రీ చదివే కూతురు సైమా అందుకుంది. "అమ్మీ, ఈగలు కాళ్లతోటే రుచి చూస్తయ్. కడుపు నింపే తీపి ఏదో వాటికి ఎరుకైతది. మనల్ని బురిడీ కొట్టించే పొడి వాటి దగ్గర నడవదు."

జగ్గుకొక సాసరు పోసి, మళ్లీ తారుమారు కాకుండా ఒక జగ్గు కిందా దాని సాసరు కిందా ఎర్ర గుడ్డ పెట్టి, సాసర్లు కిటికీలో ఉంచారు. ఒక్క ఈగా రాలేదు. ఇల్లు అంత శుభ్రంగా పెడితే ఎక్కణ్ణుంచి వస్తాయి!

ఇక తప్పక, జహీదా ఎర్ర గుడ్డతో సహా సాసర్లు పట్టుకుని భద్రమ్మ కొట్టంలోకి నడిచింది.

"ఏందక్కా, మా ఈగలతోటి పనిబడ్డదా?" భద్రమ్మ పడీ పడీ నవ్వింది.

"అవ్, పడ్డది. జర జల్దీ పిలువు" అంది జహీదా, సిగ్గుతో చచ్చిపోతూ.

ఈగలు రెండింటి మీదా వాలాయి. ఎర్ర గుడ్డ మీది సాసరులో కాలు పెట్టినవి పెట్టినట్టే లేచిపోయాయి. రెండోదాని అంచు నల్లగా నిండిపోయింది. మూతి ముంచినవి కదలవే! ఈగల్ని చూసి జహీదా మురిసిపోవడం అదే మొదలు.

అజాన్ వినబడింది. ఎర్ర గుడ్డ జగ్గులోది పాషాకు పోసింది. ఆయన ఖర్జూరం తిని, గ్లాసు పెదవుల దాకా తెచ్చి ఆగాడు.

"పక్కానేనా?"

"భద్రమ్మ ఈగల కసమ్! తాగుండ్రి."

పాషాకు నవ్వాగక సగం షర్బత్ గడ్డం మీదే పోయింది. తర్వాత సైమా షుగర్ చూస్తే మిషన్ కూడా ఈగల మాటే చెప్పింది గానీ, జహీదా అందాకా ఆగలేదు. ఏడాదిగా ఆ ఇంట్లో వినబడని నవ్వది. వింటూ కూర్చుంది, తను తినాల్సిన ఖర్జూరం చేతిలోనే ఉండిపోయింది.