ముందు చేతులు చూపించు

దూలపల్లి చర్చి వెనక గదిలో ఒక్క ట్రంకు పెట్టె పుస్తకాలతో మొదలైన లైబ్రరీకి ఇప్పుడు సొంత భవనం, గోడ పొడవునా బీరువాలు వచ్చాయంటే అదంతా గిడియోన్ సార్ చలవే. చందాల కోసం ఆయన ఎక్కని గడప లేదు. పుస్తకాన్ని పసిబిడ్డలా రెండు చేతులా ఎత్తుకుంటాడు. పిల్లలకిచ్చే ముందు మాత్రం వాళ్ల అరచేతులు తిప్పి చూస్తాడు, వాసన కూడా చూస్తాడు. ఇన్నేళ్లలో ఒక్క పేజీకి మరక అంటనివ్వలేదని పాస్టరుగారితో గొప్పగా చెప్పుకుంటాడు.

ఆ భవనానికి ఇటుకలు మోసిన సాలమ్మ ఇప్పుడు రంగుల కార్ఖానా గోనెసంచులు ఉతుకుతోంది. తల్లికి సాయపడుతూ, ఆ రోజు పుస్తకం కోసం వచ్చిన కూతురు పూజ చేతులు మణికట్టు దాకా నీలం.

"గీ చేతులతోనా? కడుక్కొని రాపో," అన్నాడు సార్.

మర్నాడు పూజ పరుగున వచ్చి, తలుపు నెట్టుకుని, సంబరంగా చేతులు చాపింది.

"ఇటుక ముక్కతోని రుద్దిన సార్. నీలం మొత్తం పోయింది."

ఆయన కళ్లద్దాలు సవరించుకుని చూశాడు. తోలు లేచిన అరచేతుల్లో నెత్తురు చెమ్మ మెరుస్తోంది.

"నెత్తురు మరక అసలే పోదు బిడ్డా. మానినంక రా," అన్నాడు మెత్తగా.

ఆ పిల్ల వెళ్లిపోయాక జేబురుమాలు తీసి, తలుపు పిడి తుడిచాడు.