పటిక వేసిన ట్యాంకు

ట్రైలర్ కొన్నప్పుడు అందులో ఏమేం ఉన్నాయో మా ఆయన కనబడిన వాళ్ళందరికీ చెప్పుకున్నాడు. రెండు పడకలు, గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, బాత్రూం, బటన్ నొక్కితే తెరుచుకునే పందిరి. పడక కింద నలభై గ్యాలన్ల మంచినీళ్ల ట్యాంకు ఉందని, దాన్ని ఎవరో ఒకరు మందు వేసి కడుగుతూ ఉండాలని మాత్రం చెప్పలేదు. ఆ ఎవరో ఒకరు నేనేనని నాకు కూడా చెప్పలేదు.

మా ఇంట్లో పని పంపకం అలా ఉంటుంది. ట్రక్కుకి ట్రైలర్ తగిలించడం, దాన్ని లాక్కెళ్ళడం, క్యాంప్‌గ్రౌండ్‌లో పక్కవాళ్ళతో టైర్ల గురించి మాట్లాడటం ఆయన పని. మిగతాదంతా నాది. అడిగితే "కాల్‌లో ఉన్నా" అంటాడు. అమెరికాలో ఈ బెంటన్‌విల్ ఊరికి వచ్చి ఆరేళ్ళయింది, ఆ కాల్ ఇంకా అవలేదు.

ఇదంతా నవ్వుకుంటూ చేసేదాన్నే, జూన్‌లో జరిగింది జరక్కుండా ఉంటే.

అప్పటికి మా అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చి నెల దాటింది. సరదాగా రెండు రోజులు చెరువు దగ్గర ఉందామని తీసుకెళ్ళాం. ట్రైలర్ చలికాలమంతా స్టోరేజ్‌లో పడి ఉంది. ట్యాంకులో అడుగున పాత నీళ్ళు ఎన్ని ఉన్నాయో ఏమో, నేను చూడలేదు. పైపు పెట్టి పైన కొత్త నీళ్ళు నింపేశాను. అక్కడికి వెళ్ళాక అత్తయ్యగారు ఇండియా నుంచి తెచ్చుకున్న తన స్టీలు గ్లాసు పట్టుకుని, "ఈ నీళ్ళు తాగొచ్చా అమ్మాయ్?" అని అడిగారు. "మనింటి నీళ్ళే అత్తయ్యగారూ, ఏం కాదు, తాగండి" అన్నాను. నేనే పట్టిచ్చాను. మామయ్యగారు ట్రక్కులో మిగిలిన సీసా నీళ్ళు తాగారు. మా ఆయన చేతిలో ఎప్పటిలాగే సోడా డబ్బా. నేను కాఫీ తాగుతున్నాను, మరిగించిన నీళ్ళతో పెట్టిన కాఫీ.

మర్నాడు పొద్దుటికి ఆవిడకి వాంతులు, విరేచనాలు. రెండు రోజులు హాస్పిటల్లో సెలైన్ ఎక్కించారు. నీళ్ళ వల్లేనా అని డాక్టర్‌ని అడిగితే, ఏదైనా అయ్యుండొచ్చు అన్నాడు. ఆ మాట పట్టుకుని అందరూ ఊరుకున్నారు. ఆవిడ కూడా నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

అనకపోగా నీళ్ళు మానేశారు. ఇంట్లో అయితే తనే మరగబెట్టుకుని, చల్లార్చుకుని, ఎప్పటిలాగే గ్లాసు పెదవికి తగలకుండా పైకెత్తి పోసుకుంటారు. గడప దాటితే బీపీ మాత్ర మింగడానికి ఎన్ని కావాలో అన్నే. "దాహం లేదమ్మాయ్" అనేవారు. జూలై ఎండలో ఒకసారి షాపు పార్కింగ్‌లో కళ్ళు తిరిగి కారు మీద ఒరిగిపోయారు. ఇంకోసారి గుళ్ళో. ఇంకో మూడు వారాల్లో వాళ్ళ ప్రయాణం. ఈవిడ ఇలాగే విమానం ఎక్కితే, నా ఇంటి గురించి ఆవిడకి గుర్తుండేది నా చేత్తో ఇచ్చిన ఆ గ్లాసుడు నీళ్ళే. అందుకే చెరువు దగ్గర మళ్ళీ రెండు రాత్రులు బుక్ చేశాను. ఈసారి ట్యాంకు నేనే కడుగుతాను, ఆవిడ ఆ కుళాయి నీళ్ళే తాగాలి. అదీ నా పంతం.

గురువారం సాయంత్రం ట్రైలర్ ఇంటి ముందుకు తెచ్చాం. మా కాలనీ అసోసియేషన్ రూలు ప్రకారం నలభై ఎనిమిది గంటలకి మించి డ్రైవ్‌వేలో ట్రైలర్ ఉంచకూడదు. మించితే హెచ్చరిస్తూ ఉత్తరం వస్తుంది. ఇదివరకే ఒకటి వచ్చింది.

వాసన కలపని మామూలు బ్లీచ్ తెమ్మని మా ఆయన్ని పంపితే లావెండర్ వాసనది తెచ్చాడు. "ఇదే ఆఫర్‌లో ఉంది" అన్నాడు. లావెండర్ కాఫీ తాగుతావా అని అడిగి, నేనే వెళ్ళి మార్చుకొచ్చాను.

తిరిగొచ్చేసరికి మామయ్యగారు మడత కుర్చీ వేసుకుని ట్రైలర్ పక్కన కూర్చున్నారు. నా గుండెలో రాయి పడింది. ఎందుకంటే ఆయన మునిసిపాలిటీ వాటర్ వర్క్స్‌లో ఫిట్టర్‌గా చేరి ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యారు. ఊళ్ళో ఓవర్‌హెడ్ ట్యాంకులన్నీ కడిగించిన మనిషి.

"ఈ సీసా ద్రవం కాదమ్మాయ్, బ్లీచింగ్ పౌడర్ ఉండాలి. బకెట్లో కలిపి, తేటనీరు పైనుంచి వంచుకోవాలి" అన్నారు.

"ఇక్కడ ఇదే వాడతారు మామయ్యగారూ. పుస్తకంలో ఉంది."

"పుస్తకం రాసినవాడు ఎన్ని ట్యాంకులు కడిగాడో?"

పళ్ళు నూరుకుని పనిలో పడ్డాను. పాత నీళ్ళు వదిలేశాను. ఫిల్టర్ ఊడదీశాను. వేడినీళ్ల హీటర్ ఆపి, మందు అందులోకి పోకుండా దాని వెనకాల పిడి తిప్పాను. ఆ పిడి ఎక్కడుందంటే, పడక కింద పలక తీసి, బోర్లా పడుకుని, తల లోపల పెడితే చేతికి అందేంత దూరంలో. ట్రైలర్ కట్టినవాడికి పెళ్ళాం లేదని నాకప్పుడే తెలిసింది. ముప్పావు కప్పు బ్లీచ్ బకెట్ నీళ్ళలో కలిపి గరాటుతో పోసి, ట్యాంకు నిండుగా నింపాను. తర్వాత పంపు వేసి ఒక్కో కుళాయి తిప్పుతూ, మందు వాసన వచ్చేదాకా ముక్కు దగ్గర పెట్టి చూడాలి. వంటింటి చల్లనీళ్ళు, వేడినీళ్ళు, బాత్రూం, షవర్, టాయిలెట్, బయట కాళ్ళు కడుక్కునే కుళాయి. ప్రతిదానికీ నా వెనకే మామయ్యగారు వచ్చి తనూ వాసన చూశారు.

"మా డ్యూటీలో ఒక రూలుండేది. ట్యాంకులో మందు కలిపినవాడే మర్నాడు మొదటి గ్లాసు తాగాలి. ఆ తర్వాతే ఊరికి వాల్వు తిప్పేవాళ్ళం" అన్నారు.

ఆ మాట నన్నే అన్నారో, మామూలుగా అన్నారో తెలియదు. నాకు మాత్రం తగలాల్సిన చోట తగిలింది. ఇంట్లో వంటగది కిటికీలోంచి అత్తయ్యగారు మమ్మల్ని చూస్తున్నారు.

మందు రాత్రంతా ట్యాంకులో నిలవుండాలి. శుక్రవారం పొద్దున్నే అంతా వదిలేసి, మంచినీళ్ళు నింపి, కుళాయిలన్నీ తిప్పి, మళ్ళీ వదిలేసి, మళ్ళీ నింపాను. పదింటికి నాకు మీటింగ్. "నేను వచ్చేదాకా ఎవరూ ఏదీ ముట్టుకోకండి" అని అందరికీ చెప్పి, మామయ్యగారికి మాత్రం రెండుసార్లు చెప్పి లోపలికి వెళ్ళాను.

పదకొండింటికి వచ్చేసరికి ట్యాంకు మూత తీసి ఉంది. దాని పక్కన ఆయన షేవింగ్ మగ్గు. గెడ్డం గీసుకున్నాక రాసుకునే పటిక బిళ్ళ రోజూ అందులోనే ఉంటుంది. ఇప్పుడు మగ్గు ఖాళీగా ఉంది.

"కుళాయి తిప్పితే నీళ్ళు పాలలా వచ్చాయమ్మాయ్, ఒకటే మడ్డి" అన్నారు తృప్తిగా. "పటిక దంచి కలిపేశాను. గంటలో తేరుకుంటాయి."

కొత్తగా నింపిన గొట్టాల్లో గాలి ఉంటుంది. పంపు వేస్తే ఆ గాలి సన్న బుడగలై నీళ్ళు తెల్లగా కనిపిస్తాయి. ఒక్క నిమిషం ఆగితే చాలు. ట్రైలర్ వంటింటి గట్టు మీద ఆయన పట్టిన గ్లాసు అలాగే ఉంది. అందులో నీళ్ళు అద్దంలా ఉన్నాయి. వేలు పెట్టి చూపించాను. ఆయన గ్లాసు వైపు చూశారు, నా వైపు చూశారు, మళ్ళీ గ్లాసు వైపు చూశారు.

"మరి మొదట్లో పాలలాగే ఉన్నాయి" అన్నారు, గొంతు తగ్గించి.

పటిక బిందెలో వేస్తే మడ్డి అడుక్కి చేరుతుంది, పైనున్న తేట వంచుకుంటాం. ఈ ట్యాంకులో పంపు నీళ్ళు తీసుకునేదే అడుగునుంచి. చెయ్యి పెట్టి తుడుద్దామంటే అరచేయి పట్టేంత కన్నం కూడా లేదు. కింద వాల్వు తిప్పితే విరిగిన పాలలాంటి తెల్లటి తరకలు నా చెప్పుల మీద పడ్డాయి.

పెద్దాయన్ని ఏమంటాం? ట్రైలర్ బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని, ఇంట్లో పైగదిలో ఉన్న మొగుడికి ఫోన్ చేసి అరిచాను. అంతా విని, "నాన్న మంచికే చేశారు కదా" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. ఈ ఇంట్లో ఎవరు ఏం చేసినా మంచికే చేస్తారు. జూన్‌లో నేనూ మంచికే ఇచ్చాను.

అడుగున పట్టిన మడ్డి వదలాలంటే సగం ట్యాంకు నింపి, ట్రైలర్‌ని వీధుల్లో తిప్పుతూ బ్రేకులు వేయాలని ఒక వీడియోలో చూశాను. మా ఆయన దిగొచ్చి ట్రైలర్ తగిలించి, మళ్ళీ కాల్‌లోకి పోయాడు. నేను ట్రైలర్ లాగడం అదే మొదటిసారి. పిలవకుండానే మామయ్యగారు వచ్చి పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నారు. కాలనీలో గంటకి పది మైళ్ళ మీద పోవడం, ఉన్నట్టుండి బ్రేక్ వేయడం, వెనకాల నీళ్ళు గుభిల్లుమనడం, మళ్ళీ పోవడం. కుక్కని తిప్పుతున్న ఒకాయన మొదటి చుట్టులో చెయ్యి ఊపాడు. మూడో చుట్టులో ఫోన్ తీశాడు. ఇంకో ఉత్తరం ఖాయం అనుకున్నాను.

నాలుగో మలుపు దగ్గర మామయ్యగారు రోడ్డు వంకే చూస్తూ అన్నారు. "గ్లాసులో తెల్లగా కనబడితే మీ అత్తయ్య ఇంక ఒక్క చుక్క కూడా తాగదమ్మాయ్. ఆ కంగారులో వేసేశాను."

నా కోపం పూర్తిగా పోయిందని చెప్పలేను. కానీ దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయనకీ నాకూ భయం ఒకటేనని అప్పటిదాకా నాకు తట్టలేదు.

"ఇంకాస్త గట్టిగా వెయ్యి బ్రేకు" అన్నారు.

నింపడం, తిప్పడం, వదలడం. మూడోసారికి నీళ్ళు తేటగా వచ్చాయి. హమ్మయ్య అని నేను వాల్వు మూస్తుంటే ఆయన గొంతు సవరించుకున్నారు.

"మళ్ళీ మందు కలపాలి."

"ఏంటి?"

"మధ్యలో మూత తీసి గెడ్డం మగ్గుతో పోశాను కదా. ఇప్పుడు అది కడిగిన ట్యాంకు కాదు. మా డ్యూటీలో అయితే ఒప్పుకోరు."

ఆయన నన్ను మూడు చెరువుల నీళ్ళు తాగించారు. ఏడుపొచ్చినంత పనైంది. అయినా ఆయన చెప్పింది నిజం. మళ్ళీ బకెట్, మళ్ళీ ముప్పావు కప్పు, మళ్ళీ పడక కింద తల, మళ్ళీ ఆరు కుళాయిల వాసన. ఈసారి గరాటు ఆయనే పట్టుకున్నారు. ఒక్క సలహా కూడా ఇవ్వలేదు.

శనివారం పొద్దున వదిలి, నింపి, కడిగి, మళ్ళీ నింపాను. వంటింటి కుళాయి కింద గ్లాసు పట్టాను. తెల్లగానే వచ్చాయి. గట్టు మీద పెట్టి నేను, మామయ్యగారు గుడ్లప్పగించి చూస్తూ నిలబడ్డాం. అడుగునుంచి మెల్లగా తేట పైకొచ్చింది. ఆయన గ్లాసు నా వైపు జరిపారు.

మందు కలిపింది నేనే. సగం తాగాను. కాస్త ప్లాస్టిక్ రుచి, చివర్లో కాస్త మందు వాసన. అంతకు మించి ఏమీ లేదు.

గ్లాసు కింద పెట్టబోతుంటే గుమ్మం దగ్గర అత్తయ్యగారు కనిపించారు. ఎప్పుడొచ్చారో చూడలేదు. రెండు మెట్లెక్కి లోపలికొచ్చి, నా చేతిలో గ్లాసు పట్టుకున్నారు.

"ఉండండి అత్తయ్యగారూ, అది నా ఎంగిలి. మీ గ్లాసులో పట్టిస్తాను" అన్నాను.

ఆవిడ వదల్లేదు.

"ఆ రోజు నువ్వు కాఫీ తాగుతున్నావు" అన్నారు.

మెల్లగానే అన్నారు. గ్లాసు మీంచి నా చెయ్యి దానంతటదే జారిపోయింది. ఆవిడ గ్లాసు పైకెత్తలేదు. నేను తాగిన గ్లాసుని పెదవులకి ఆనించి, ఆగకుండా, అడుగుదాకా తాగారు. మామయ్యగారు తల తిప్పుకుని పొయ్యి మీద లేని మరకేదో తుడుస్తున్నారు.

అత్తయ్యగారు మూతి తుడుచుకుని ఖాళీ గ్లాసు నా చేతికిచ్చారు.

"ఇంకా మందు వాసన వస్తోందమ్మాయ్" అన్నారు.

నేను మళ్ళీ పంపు వేశాను.