మామ తిరిగొచ్చాడన్నారు

ఒకసారి దంతెవాడ బస్సులో ఫోన్ తెరిస్తే మా చెల్లెలి కొత్త వీడియో కనిపించింది. చెల్లెలంటే వరసకు, మా మేనత్త కోడలు. దోర్నపాల్ బజారులో జాకెట్లు కుడుతుంది. మిషన్ ఆగినప్పుడల్లా ఒక సైన్స్ ఫిక్షన్ సీరియల్ ముక్కలను ఫోన్‌లోనే కత్తిరించి, అతికించి, తన గొంతుతో వ్యాఖ్యానం జోడిస్తుంది. ఆ గొంతులో తెలుగుంటుంది, హిందీ ఉంటుంది, కోపమొస్తే మా ఇంటి భాష దోర్లీ కూడా దిగుతుంది. జగదల్‌పూర్ కుర్రాళ్ల నుంచి భద్రాచలం టీచర్ల దాకా కామెంట్లలో ఆమెతో కొట్లాడుతుంటారు. ఆ సీరియల్ ఒక్క భాగమైనా చూడకుండానే నేను దానికి అభిమానినైపోయాను.

గొడవంతా ఒక ఇంజనీరు గురించి. అంతరిక్ష నౌకలో అతను చనిపోతాడు. దాచి ఉంచిన అతని జ్ఞాపకాలను కొత్త శరీరంలోకి ఎక్కించి తోటివాళ్లు మళ్లీ లేపుతారు. లేచినవాడు అతనేనా, వేరే మనిషా? "పాత యాదులు పోస్తే పాత మనిషైతడా? వీనికంటూ ఒక బతుకు లేదా?" అని చెల్లెలు ప్రతి వీడియోలోనూ వాదించేది. అంత పెద్ద ప్రశ్నను హుక్కులు కుడుతూ అడిగే మనిషిని నేనింకెక్కడా చూడలేదు. నాకు భలే ముచ్చటేసేది.

నిరుడు మా మేనత్త భర్త, మామ, పోయాడు. కొన్ని నెలలకు చెల్లెలికి కొడుకు పుట్టాడు. మా దోర్ల ఇళ్లలో పోయిన పెద్దల్లో ఎవరు తిరిగొచ్చారో చూసి బిడ్డకు పేరు పెడతారు. ఏడుస్తున్న బిడ్డ దగ్గర ఒక్కో పేరే చెబుతారు. ఏ పేరుకు ఏడుపు ఆపితే ఆ మనిషి వచ్చినట్టు. మావాడు మామ పేరు దగ్గర టక్కున ఆపేశాడు. ముసలమ్మల సంబరం ఇంతా అంతా కాదు. చెల్లెలి ముఖం మాత్రం పాలిపోయింది. ఫోన్‌లో వాదించిన ప్రశ్న ఒళ్లోకే వచ్చి పడింది మరి. తన బిడ్డను పుట్టీపుట్టగానే ఇంకొకరిని చేసేస్తున్నారని ఆమె భయం.

"వీడు వీడే అత్తా. మామ కాడు," అంది అందరి ముందూ.

మా అత్తకు ఎదురు చెప్పి నెగ్గినవాళ్లు బాసగూడ దాకా వెతికినా దొరకరు. కానీ అత్త నవ్వింది.

"వీడు వీడే గదనే పిల్లా. మామ లెక్క బతకమని ఎవరన్నరు? యాది పెట్టుకునుడు వాని పని గాదు, మన పని."

మర్నాడు చెల్లెలు కొత్త వీడియో పెట్టింది. ఇన్నాళ్లూ ఇంజనీరుకు ఏం గుర్తుందనే అడిగానని, అతని కోసం ఏడ్చినవాళ్ల సంగతి అడగనేలేదని తన అభిమానుల ముందే ఒప్పుకుంది. ఆ పిల్ల మీద నాకు గౌరవం రెట్టింపైంది.

తర్వాత ఒకరోజు వాళ్లింటికి వెళ్లాను. పెరట్లో అత్త కాళ్లు చాపుకుని, వాటి మీద మనవణ్ని పడుకోబెట్టి నీళ్లు పోస్తోంది. చెల్లెలు గుమ్మంలో నిలబడి ఫోన్‌తో వీడియో తీస్తోంది. "ఏందయ్యా, చెప్పకుండ పోతివి," అని అత్త బిడ్డతో నిష్ఠూరమాడుతోంది. "ఈసారన్నా నాకన్నా ముందు పోకు." చెల్లెలు ఫోన్ దించేసింది. మొగుడి విషయంలో కాలం అత్త మాట వినలేదు; మనవడి విషయంలో వింటుంది.