ఎద్దు ఎవనిది?

మా మేనమామ బోథ్ అంగట్లో ఎద్దుల బేరగాడు. భుజం మీది తువ్వాల తీసి అవతలివాడి చేతి మీద కప్పేవాడు. ధర ఆ తువ్వాల కింద, వేళ్లతోనే తేలేది.

కడుపులో క్యాన్సర్‌కు మందు పనిచేయడం లేదని డాక్టర్ చెప్పినప్పుడు మామ ఇంక చాలన్నాడు. ఆదిలాబాద్‌లో నొప్పి తగ్గించి చూసుకునే వార్డుకు పోతానన్నాడు. నేను ఒప్పుకోలేదు.

“హైదరాబాద్‌ల ఇంకో పెద్ద డాక్టర్ ఉన్నడు మామా. ఒక్కసారి చూపిద్దాం.”

మంచంలో పడుకొని ఉండే ఆయన నా చేతి మీద తువ్వాల కప్పాడు. కింద నా వేళ్లు పట్టుకున్నాడు.

“ఎద్దు ఎవనిదిరా అల్లుడా?”

“నీదే మామా.”

“మరి బేరం నువ్వెందుకు చేస్తున్నవ్?”

పక్కనే ఉన్న అత్త నవ్వింది, తర్వాత ఏడ్చింది. నాకు రెండూ రాలేదు. అయినా ఆయన్ను హైదరాబాద్ తీసుకుపోయాను. అక్కడా అదే మాట చెప్పారు. పోను రాను దారి పొడుగునా ఆయన నొప్పితో మూలుగుతూనే ఉన్నాడు.

తిరిగొచ్చి ఆదిలాబాద్ వార్డులో చేరిన మర్నాడు నొప్పి తగ్గింది. నర్సు వరండాలోకి వచ్చి, “మీ మామ లేచి కూసొని జొన్న గటక తాగుతుండు, చూద్దురు రాండ్రి” అంది. నేను ఫోన్‌లో మరో డాక్టర్ గురించి అడుగుతున్నాను. వస్తున్నానని చెయ్యి ఊపాను.

లోపలి నుంచి మామ గొంతు వినిపించింది. “వాన్ని పిలువకు బిడ్డా. వాడింకా హైదరాబాద్‌లనే ఉన్నడు.”

నేను పోయేసరికి గిన్నె ఖాళీగా ఉంది, ఆయన నిద్రపోయాడు. ఆ తర్వాత మళ్లీ లేచి కూర్చోలేదు.