రెంటచింతలలో ఆఖరి రేగి వడియాలు

గుంటూరులో పొద్దున్నే మాచర్ల రైలెక్కాను. రెంటచింతలలో ఉండే మా సుశీలక్క ముందురోజు ఫోన్ చేసింది. అన్నదమ్ముల పంపకాల్లో పెరటి రేగుచెట్టు ఆమె మరిది వాటాకు పోయింది. కారు షెడ్డు కోసం అతను దాన్ని కొట్టిస్తున్నాడు. "ఈ ఒక్కసారి కాయ దులుపుకుందాం, రావే," అంది.

ఈ దారిన వెళ్లేవాళ్లు టిఫిను ఇంటి నుంచే కట్టుకోవడం మంచిది. సత్తెనపల్లి దాటాక నేను ఇడ్లీ పొట్లం విప్పాను. ఎదురు సీటులో ఉన్న రెంటచింతల పెద్దావిడ ఎవరింటికని అడిగింది. చెప్పాను.

"ఆ తోడికోడళ్ల ఇంటికా? ఒక్క కంచంలో తిన్నోళ్లమ్మా. ఇప్పుడు ఎదురుపడితే మొహాలు తిప్పుకుంటున్నారు," అంది.

స్టేషన్ నుంచి ఆటోలో వెళ్లాను. పెరటి మధ్య గోడకు పునాది తీసి ఉంది. చెట్టు అవతల, పాత చీర పట్టుకుని అక్క ఇవతల. "నువ్వే అడుగు," అంది. వెళ్లి ఆమె తోడికోడలు రమణను అడిగాను.

"దులుపుకోమను. నేనేమన్నా వద్దన్నానా?" అని లోపలికి పోయింది.

చీర పరిచి కొమ్మలు ఊపాం. దోరవి ఏరేసి, పండినవి కడిగి, బెల్లం, పచ్చిమిర్చి, ఉప్పు, జీలకర్ర వేసి రోట్లో దంచసాగాం. నా పోటు అక్క పోటుకు కుదరలేదు. రెండు రోకళ్లూ కొట్టుకుంటున్నాయి. ఎప్పుడొచ్చిందో, రమణ నా చేతిలో రోకలి అందుకుంది.

"మీరు లెగండి. గింజలు చితికిపోతన్నయ్."

ఒకటి లేస్తే ఒకటి పడుతూ రోకళ్లు సాగాయి. చివరికి రమణ చిటికెడు ముద్ద అక్క అరచేతిలో పెట్టింది.

"ఉప్పు చాలిందా అక్కా?"

"చాలింది," అంది అక్క. "చెట్టు ఉంచమని మీ ఆయన్ని ఒక్కమాట అడగకపోయావా రమణా?"

"అడిగా. అన్నం మానేసి కూర్చున్నా. ఇన్లా."

అక్క రోకలి వదిలేసి ఆమె భుజం పట్టుకుంది. ఇద్దరూ రోటి పక్కనే కూలబడి ఏడ్చారు.

వడియాలు ఎండేదాకా ఉన్నాను. ఈలోపే మిషన్ రంపంతో మనుషులొచ్చారు. కాఫీ చల్లారేలోపు చెట్టు నేలమీద ఉంది. ఆ మధ్యాహ్నమే మేస్త్రీ గోడ మొదలుపెట్టాడు.

తిరుగు ప్రయాణం పిడుగురాళ్ల మీదుగా బస్సులో. ఒళ్లో వడియాల డబ్బా వెచ్చగా ఉంది. వాళ్లిద్దరూ మళ్లీ ఒకచోట కూర్చోవడానికి ఆ ఇంట్లో ఇక ఏ పని మిగిలిందా అని గుంటూరు దాకా ఆలోచించాను. ఒక్కటీ తట్టలేదు.